రొమ్ము క్యాన్సర్, డిప్రెషన్: విశాఖ వాదన వెనుక 1979 నాటి ఒక చిన్న అధ్యయనం

అక్టోబర్ వచ్చిందంటే విశాఖ బీచ్ రోడ్డు మీద పొద్దున్నే గులాబీ రంగు టీ షర్టులు కనిపిస్తాయి. నడక, ఉపన్యాసం, ఫొటోలు, టిఫిన్. వాటి వెంటే ఒక పాత వాదన కూడా మళ్లీ లేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటున్న మనిషికి డిప్రెషన్ వస్తే దాన్ని ఎవరు చూడాలి? క్యాన్సర్ ఓపీలోనే అందుకు ఒక మనిషి ఉండాలని రోగులు, వాళ్లను వెంటబెట్టుకుని వచ్చే కూతుళ్లు, అక్కచెల్లెళ్లు అడుగుతున్నారు. ధైర్యం చెబుతూనే ఉన్నామని, మరీ అవసరమైతే మానసిక వైద్యులకు రిఫర్ చేస్తామని ఆసుపత్రుల వైపు జవాబు.

గడ్డ ఉందో లేదో ఎలా చూసుకోవాలి, మామోగ్రామ్ ఎప్పుడు తీయించుకోవాలి అన్నవి ఈ నెలలో అన్ని పత్రికలూ వేస్తాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం దీనిదే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో దేశంలో కొత్తగా దాదాపు 1,92,000 మందిలో బయటపడింది. వాదన అర్థం కావాలంటే ఈ లెక్కల కన్నా ముందు 1979లో లండన్‌లో జరిగింది తెలియాలి.

కింగ్స్ కాలేజ్ హాస్పిటల్‌లో స్టీవెన్ గ్రీర్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు తొలి దశ రొమ్ము క్యాన్సర్‌తో ఆపరేషన్ చేయించుకున్న 69 మంది ఆడవాళ్లతో మాట్లాడారు. ఆపరేషన్ అయిన మూడు నెలలకు, ఈ జబ్బును మీరు ఎలా తీసుకుంటున్నారని అడిగారు. జవాబులను బట్టి వాళ్లను నాలుగు రకాలుగా విడదీశారు: పోరాడతాం అన్నవాళ్లు, అసలు నాకేం జబ్బు లేదు అన్నట్టు ఉన్నవాళ్లు, వచ్చింది భరిద్దాం అన్నవాళ్లు, ఇక అంతా అయిపోయింది అని చేతులెత్తేసినవాళ్లు. అయిదేళ్ల తర్వాత చూస్తే మొదటి రెండు రకాలవాళ్లలో జబ్బు తిరగబెట్టకుండా బతికి ఉన్నవాళ్లు ఎక్కువగా తేలారు. ఆ ఫలితం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది.

అప్పటినుంచి ‘పోరాట స్ఫూర్తి’ అనే మాట ఆసుపత్రుల గోడలెక్కింది. నాకేం లేదు అని మొండికేసినవాళ్లు కూడా అదే అధ్యయనంలో బాగానే ఉన్నారు గదా, ఆ సంగతి ఏ టీ షర్టు మీదా ఎవరూ అచ్చు వేయలేదు. జనానికి పనికొచ్చే ముక్క ఒకటి దొరికింది, దాన్ని పట్టుకున్నారు. 69 మందిని నాలుగు గుంపులు చేస్తే ఒక్కో గుంపులో ఎంతమంది మిగులుతారో లెక్క వేయడానికి ఎవరూ ఆగలేదు.

దానికి ఒక ఏడాది ముందే, 1978లో, పీటర్ మగ్వైర్ అనే మానసిక వైద్యుడి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో ఫలితం వేసింది. రొమ్ము తీసేయించుకున్న ఏడాదికి ప్రతి నలుగురిలో ఒకరు చికిత్స అవసరమయ్యేంత ఆందోళనతోనో, డిప్రెషన్‌తోనో, రెండింటితోనో ఉన్నారు. క్యాన్సర్ కాని గడ్డతో వచ్చినవాళ్లలో అది పదిమందిలో ఒకరు. ఆపరేషన్ బాగా జరిగింది, కుట్లు మానాయి, ఇంటికి పంపేశాం అనుకున్నవాళ్లలో చాలామంది లోపల కుంగిపోతున్నారని చెప్పిన తొలి గట్టి ఆధారాల్లో అదొకటి. ఈ రెండు ఫలితాలూ ఒకేసారి లోకం ముందుకు వచ్చాయి. ఒకటి రోగిని అడగండి అంది, ఇంకొకటి రోగి గట్టిగా ఉండాలి అన్నట్టు వినిపించింది. రెండోదానికే పేరు వచ్చింది. నా ఉద్దేశంలో ఈరోజు విశాఖలో జరుగుతున్న వాదన మొత్తం ఆ ఎంపికలోనే ఉంది.

1989లో అది ఇంకా బలపడింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ స్పీగెల్, జబ్బు శరీరమంతా పాకిన 86 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, వారం వారం కూర్చుని మాట్లాడుకునే గ్రూపులో ఉన్నవాళ్లు సగటున దాదాపు ఏడాదిన్నర ఎక్కువ బతికినట్టు తేలింది. మనసు విప్పి మాట్లాడుకుంటే ఆయుష్షు పెరుగుతుందంటే ఎవరు వద్దంటారు? కౌన్సెలింగ్‌కు డబ్బు, గది అడగడానికి అదే పెద్ద కారణం అయింది. చిక్కు కూడా అక్కడే వచ్చింది. 2001లో కెనడాలో 235 మందితో అదే పని జాగ్రత్తగా మళ్లీ చేసి చూస్తే ఆయుష్షులో తేడా రాలేదు. కానీ గ్రూపులో కూర్చున్నవాళ్లలో, ముఖ్యంగా మొదట్లో ఎక్కువ బాధలో ఉన్నవాళ్లలో, దిగులు తగ్గింది, నొప్పి తగ్గింది. ఆయుష్షు పెరగదట అన్న ముక్క మాత్రం అందరికీ చేరింది. దిగులు తగ్గడం చాలదా అని అడిగే నాథుడు లేకపోయాడు.

గ్రీర్ పాత ఫలితం సంగతీ 1999లోనే తేలిపోయింది. 578 మందితో చేసిన పెద్ద అధ్యయనంలో పోరాట స్ఫూర్తికీ బతకడానికీ సంబంధం కనిపించలేదు. ఆ పేపర్ రాసినవాళ్లలో గ్రీర్ కూడా ఉన్నారు. తన మాటను తనే సరిచూసుకుని ఫలితాన్ని అచ్చులో పెట్టిన మనిషికి దండం పెట్టాలి. అదే అధ్యయనంలో తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు, పూర్తిగా నిస్సహాయంగా అయిపోయినవాళ్లకు ముప్పు కొంత ఎక్కువగా కనిపించింది. అంటే ధైర్యం లేకపోతే నష్టం లేదు, డిప్రెషన్‌ను వదిలేస్తే ఉండొచ్చు. ఇరవై ఏళ్లు దాటినా ఈ తేడా మన వార్డుల దాకా రాలేదు.

రాకపోవడం వల్ల ఏమవుతోందో ఏ క్యాన్సర్ ఓపీ దగ్గరైనా ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు తెల్లవారకముందే బయల్దేరి వచ్చి ఉంటారు. “పిల్లల మొహం చూసి ధైర్యం తెచ్చుకో వదినా” అంటారు వెంట వచ్చినవాళ్లు. “మీరే ఇలా అయిపోతే ఎలాగమ్మా” అంటారు లోపలివాళ్లు. ప్రేమతోనే అంటారు. కానీ పక్క మీంచి లేవబుద్ధి కావడం లేదని, అన్నం గొంతు దిగడం లేదని, ఎందుకొచ్చిన బతుకు అనిపిస్తోందని చెప్పాలనుకున్న మనిషి ఆ మాటతో నోరు మూసుకుంటుంది. జబ్బు తిరగబెడితే తను ధైర్యంగా లేకపోవడం వల్లే అనుకుంటుంది. క్యాన్సర్‌ను జయించిన మహిళ అంటూ మా పత్రికలు వేసే ఫీచర్లు కూడా ఆ బరువు పెంచినవే.

అసలు గుర్తుపట్టడమే తేలిక కాదు. నీరసం, నిద్ర లేకపోవడం, ఆకలి చచ్చిపోవడం కీమో వల్లా వస్తాయి, డిప్రెషన్ వల్లా వస్తాయి. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్లు మనసును ఎత్తి కుదేస్తాయి. హార్మోన్ మాత్రలు అయిదేళ్లు, కొందరికి పదేళ్లు. వాటితో ఒంట్లో ఆవిర్లు, రాత్రి నిద్ర చెడడం. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా మనిషి అలాగే కనిపిస్తుంది. అందుకే 1983లో జిగ్మండ్, స్నేత్ అనే ఇద్దరు బ్రిటన్ వైద్యులు ఆసుపత్రి రోగుల కోసం తయారు చేసిన ప్రశ్నల పట్టికలో ఇలాంటి ఒంటి లక్షణాలను కావాలనే వదిలేశారు. ఇంతకుముందు సంతోషం ఇచ్చినవి ఇప్పుడూ ఇస్తున్నాయా అన్నట్టు సాగుతాయి వాళ్ల ప్రశ్నలు. మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చున్నా ఏమీ అనిపించడం లేదు అంటే దానికి కారణం కీమో నీరసం ఒక్కటే అని సరిపెట్టకూడదు.

ఆసుపత్రుల వైపు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. ఒక్క పూటలో అంతమంది రోగులను చూసే డాక్టర్‌కు ఒక్కొక్కరితో అరగంట కూర్చోవడం కుదరదు. మందుల విషయంలో ఇంకో భయం ఉంది. రొమ్ము క్యాన్సర్‌లో విరివిగా వాడే హార్మోన్ మాత్ర టామోక్సిఫెన్‌ను శరీరం మార్చుకుంటేనే పూర్తిగా పని చేస్తుంది. డిప్రెషన్‌కు ఇచ్చే పారాక్సిటిన్, ఫ్లూయాక్సిటిన్ ఆ మార్పుకు అడ్డు పడతాయి. పారాక్సిటిన్ కలిపి వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు పెరిగాయని 2010లో కెనడా అధ్యయనం ఒకటి చెప్పింది. 2016లో అమెరికాలో దాదాపు 17,000 మంది రికార్డులు చూసినప్పుడు, ఇలాంటి మందులు కలిపి వాడినా రొమ్ము క్యాన్సర్ మళ్లీ వచ్చే ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. అయినా చాలామంది డాక్టర్లు ఆ రెండింటినీ పక్కన పెట్టి వెన్లాఫాక్సిన్ లాంటివి రాస్తారు. వెన్లాఫాక్సిన్‌తో ఒంట్లో ఆవిర్లు కూడా తగ్గుతాయి. అంటే భయపడి మానేయాల్సిన పని లేదు, ఏ మందు ఇవ్వాలో తెలిసినవాళ్లు ఉంటే చాలు. క్యాన్సర్ డాక్టర్, మానసిక వైద్యుడు ఒకే కాగితం మీద రాయాల్సిన అవసరం ఇక్కడే వస్తుంది.

విశాఖలో ఆ కాగితం చాలా దూరం ప్రయాణించాలి. టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి గాజువాక దాటాక అగనంపూడిలో ఉంది. ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) మహారాణిపేటలో. ఆంధ్రా మెడికల్ కాలేజీ మానసిక వైద్య విభాగం నడిచేది చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో. ఊళ్లో దాన్ని ఏమని పిలుస్తారో అందరికీ తెలుసు. రొమ్ము తీసేయించుకుని, జుట్టు ఊడిపోయి, ఊరి కళ్లన్నీ తన మీదే ఉన్నాయనుకునే మనిషి చేతికి అక్కడికి వెళ్లమని చీటీ ఇస్తే ఆ చీటీ ఎక్కడికి పోతుంది? రిఫర్ చేశాం అని రాసుకోవడానికి అది పనికొస్తుంది.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లో మొదలైనప్పుడు అందులో శ్రీకాకుళం ఒకటి. క్యాన్సర్ మొదటినుంచీ జాబితాలో ఉంది. ఉత్తరాంధ్రలో ఎన్నో ఇళ్లు ఆస్తులు అమ్ముకోకుండా బతికాయంటే దాని పుణ్యమే. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్నది కూడా అదే పద్ధతి: ఆపరేషన్‌కు ఇంత, కీమోకు ఇంత, కరెంటు పెట్టడానికి, అంటే రేడియేషన్‌కు, ఇంత అని ప్యాకేజీలు. చేసిన పనికి రేటు కట్టే ఈ పద్ధతిలో కూర్చుని వినే పనికి చోటు దొరకడం కష్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చి, మానసిక జబ్బును ఒంటి జబ్బుతో సమానంగా చూడాలని, బీమా కూడా అదే లెక్కన ఇవ్వాలని చెప్పింది. చట్టం చెప్పింది క్యాన్సర్ ఓపీ గదిలో ఎలా కనిపించాలన్నదే రోగుల వైపువాళ్లు అడుగుతున్న ప్రశ్న.

వాళ్లు అడుగుతున్నది సైకియాట్రిస్ట్ పోస్టు కూడా కాదు. స్కాట్లాండ్‌లో 21,000 మందికి పైగా క్యాన్సర్ రోగులను చూస్తే రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లలో 9.3 శాతం మందికి తీవ్రమైన డిప్రెషన్ ఉంది. అన్ని క్యాన్సర్లూ కలిపి చూస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్లలో నలుగురిలో దాదాపు ముగ్గురికి దానికి సరైన చికిత్సే అందడం లేదు. తర్వాత 500 మందితో అక్కడే ఒక పద్ధతి పరీక్షించారు. క్యాన్సర్ నర్సులకు శిక్షణ ఇచ్చి, పైన మానసిక వైద్యుడు చూసుకుంటూ, రోగితో వరసగా కొన్నిసార్లు కూర్చోబెట్టారు. సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసి చూడడం, రోజులో ఏదో ఒక పని మళ్లీ మొదలుపెట్టించడం, అవసరమైతే మందు. ఆరు నెలలకు వీళ్లలో 62 శాతం మందిలో డిప్రెషన్ సగానికి సగం తగ్గింది. మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో అది 17 శాతమే. 2014లో వచ్చిన ఫలితం ఇది. విదేశం సంగతి మనకెందుకు అనేవాళ్లకు గోవా ఉంది. క్యాన్సర్ రోగులు కాకపోయినా, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్‌తో ఉన్నవాళ్లకు శిక్షణ పొందిన మామూలు మనుషులే ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడితే ఫలితం వచ్చిందని 2017లో లాన్సెట్‌లోనే వేశారు.

కాబట్టి అడుగుతున్నది శిక్షణ పొందిన ఒక నర్సు, తలుపు వేసుకోగల ఒక గది, ఓపీ చీటీ మీద రెండు ప్రశ్నలకు చోటు: గత రెండు వారాల్లో దిగులుగా, నిరాశగా ఉందా? ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? ఈ రెండూ చాలామంది అనుకున్నట్టు కీమో రోజుల్లోనే కాదు, అన్నీ అయిపోయాక కూడా అడగాలి. కరెంటు పెట్టడం అయిపోయి, ఇక కొన్ని నెలలకోసారి వస్తే చాలు అన్నప్పుడు రోజూ చూసిన నర్సులు, వార్డులో పరిచయమైన తోటివాళ్లు ఒక్కసారిగా దూరమవుతారు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. కొందరికి దిగులు అప్పుడే మొదలవుతుంది. ఆ నర్సు వచ్చేదాకా మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీ మానస్ 14416 ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ఉచిత నంబరుకు ఏ వేళప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవాళ్లు మాత్రం తర్వాతి ఓపీ రోజు దాకా ఆగకుండా, ఇంట్లో ఒకరికి చెప్పి, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి.