క్రెడిటా, డెబిటా అని అడిగితే

తెనాలి

చిరంజీవులు లహరికి, కార్తీక్‌కు తాతయ్య దీవెనలు.

లహరీ, మొన్న బజార్లో నీ హాస్టలుకు దుప్పట్లూ, తమ్ముడికి చొక్కాలూ కొన్నాం కదా. బిల్లు 3,480 రూపాయలైంది. కార్డు తీయగానే కౌంటర్లో అబ్బాయి "క్రెడిటా, డెబిటా అండీ? క్రెడిట్ అయితే రెండు శాతం అదనం" అన్నాడు. ఆటో ఎక్కాక నువ్వు "చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి, తేడా ఏముంది తాతయ్యా?" అని అడిగావు. ఆ రొదలో "ఒకటి మన డబ్బు, ఒకటి అప్పు" అని మాత్రం చెప్పగలిగాను. హైదరాబాదు వెళ్లగానే నీ చేతికీ ఒక కార్డు వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కార్తీక్, నువ్వూ చదువు. పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు, బ్యాంకు సరేనంటే డెబిట్ కార్డు కూడా తీసుకోవచ్చు.

నేను ముప్ఫై ఏళ్లు రైస్ మిల్లులో గుమాస్తాగా పద్దులు రాశాను. ఆ లెక్కలోనే చెబుతాను. నువ్వు పిన్ కొట్టగానే కొట్లోని మెషీన్ ఆ కబురును రూపే, వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి దారుల్లో ఏదో ఒకదాని మీదుగా నీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరవేస్తుంది. అది డెబిట్ కార్డైతే బ్యాంకు నీ ఖాతా తెరిచి 3,480 ఉందా లేదా అని చూస్తుంది. ఉంటే అప్పటికప్పుడే తీసేస్తుంది. అది క్రెడిట్ కార్డైతే నీ ఖాతా జోలికే పోదు. నీకు ఎంతవరకు అరువివ్వాలని ముందే రాసుకుందో, అందులో ఇంకా ఎంత మిగిలిందో చూసుకుని, కొట్టువాడికి తానే కట్టి నీ పేరున పద్దు రాసుకుంటుంది. పూర్వం మన వీధి కిరాణా కొట్లో ఖాతా ఉండేది. నెలంతా సరుకులు తెచ్చుకుని, జీతం రాగానే తీర్చేవాళ్లం. క్రెడిట్ కార్డూ అదే పని చేస్తుంది. కాకపోతే కిరాణా శెట్టిగారు వడ్డీ వేసేవారు కాదు, "ఈ నెల ఎక్కువైందండీ" అని ఓ మాట హెచ్చరించేవారు. బ్యాంకు అలా అనదు. ఎక్కువ వాడేకొద్దీ ఇంకా ఎక్కువ అరువు ఇస్తానంటుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. దేశంలో ఆ బాట వేసిన తొలి బ్యాంకుల్లో అదొకటి. 2020 ఏప్రిల్‌లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినప్పుడు నాకు సొంతవాళ్లు ఊరు వదిలిపోయినట్టు అనిపించింది.

ఇక ఆ రెండు శాతం సంగతి. కార్డుతో కడితే ఆ సొమ్మంతా కొట్టువాడికి చేరదు. మెషీన్ పెట్టిన బ్యాంకూ, కార్డు ఇచ్చిన బ్యాంకూ, మధ్యలో దారి నడిపిన సంస్థా కొంత కోసుకుంటాయి. డెబిట్ కార్డుల మీద ఈ కోత ఎంత దాటకూడదో రిజర్వు బ్యాంకు చెప్పింది. 2018 జనవరి నుంచి చిన్న కొట్లకు నూటికి 40 పైసలు, పెద్ద కొట్లకు 90 పైసలు. రూపే డెబిట్ కార్డు మీదైతే 2020 జనవరి నుంచి అసలు కోతే లేదు. క్రెడిట్ కార్డుకు అలాంటి హద్దు లేదు, నూటికి రెండు రూపాయల దాకా పోవడం మామూలే. తక్కువ లాభం మీద అమ్మే కొట్టువాడికి అది బరువే, అందుకే మన మీద వేస్తాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ డెబిట్ కార్డుకు కూడా ఎవరైనా అదనం అడిగితే మాత్రం ఒప్పుకోకు. ఆ కోతను కొన్నవాళ్ల మీదికి నెట్టకూడదని రిజర్వు బ్యాంకు స్పష్టంగానే చెప్పింది.

ఇప్పుడు అసలు విషయం. క్రెడిట్ కార్డుకు నెలలో ఒక రోజు బిల్లు తయారవుతుంది, తరవాత కట్టడానికి సుమారు ఇరవై రోజులు గడువుంటుంది. బిల్లు 10వ తేదీన అనుకో. 11న కొన్నదానికి దాదాపు యాభై రోజులు వడ్డీ లేని అరువు దొరుకుతుంది. 9న కొన్నదానికి ఇరవై రోజులే. గడువులోగా మొత్తం కట్టేస్తే పైసా వడ్డీ ఉండదు. అంతవరకు మంచి వస్తువే.

బిల్లులో మొత్తం కింద 'మినిమం డ్యూ', అంటే కనీసం కట్టాల్సింది, అని ఇంకో చిన్న అంకె ఉంటుంది, సాధారణంగా నూటికి అయిదు. 20,000 బిల్లుకు వెయ్యి రూపాయలు. అది కడితే చాలనుకుని ఎందరో ఊపిరి పీల్చుకుంటారు. నెలకు మూడున్నర శాతం చొప్పున మిగతా 19,000 మీద వడ్డీ 665 రూపాయలు, ఆ వడ్డీ మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ 120. మొత్తం 785. వచ్చే నెల మళ్లీ వెయ్యి కడితే అందులో అసలుకు చేరేది 215 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా కొన్నవాటికి ఆ యాభై రోజుల వెసులుబాటు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటేనే అమ్మో అంటాం. ఇది మూడున్నర రూపాయల వడ్డీ తల్లీ, ఏడాదికి 42 శాతం! ముప్ఫై శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. ఆ వార్త చదివిన రోజు మీరిద్దరే గుర్తొచ్చారు. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం ఇంకా చేటు, రుసుమూ ఉంటుంది, మొదటి రోజు నుంచే వడ్డీ కూడా.

అయితే డెబిట్ కార్డుకూ ఒక లోటుంది, అది నేను పడ్డాను. కొన్నేళ్ల క్రితం మీ అమ్మమ్మకు గుంటూరులో ఆపరేషన్ జరిగింది. మందుల కొట్లో 6,200 రూపాయలకు డెబిట్ కార్డు పెట్టాను. మెషీన్ 'ఫెయిల్' అంది, స్లిప్పు రాలేదు. నా ఫోన్‌కు మాత్రం డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. ఖాతాలో ఇక ఎనిమిది వందలే ఉన్నాయి, రెండోసారి పెట్టడానికి లేదు. లోపల మీ అమ్మమ్మ, బయట చేతిలో మందుల చీటీతో నేను. కొట్టాయన నా మొహం చూసి "తీసుకెళ్లండి బాబాయిగారూ, రేపిద్దురుగాని" అన్నాడు. ఆయన మేలు ఇప్పటికీ మరిచిపోలేను. నాలుగో రోజుకు డబ్బు తిరిగొచ్చింది. అలా స్లిప్పు రాకుండా పోయిన సొమ్ము అయిదు రోజుల్లో వెనక్కి వేయాలని, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు ఇవ్వాలని 2019 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఉంది. నియమం ఉన్నా, ఆ నాలుగు రోజులూ చిక్కుకుపోయింది నా డబ్బే. అదే క్రెడిట్ కార్డైతే బ్యాంకు పద్దులో తకరారు నడిచేది, నా ఖాతాలో సొమ్ము నాకు మిగిలేది. కార్డు పోయినా, ఎవరైనా దొంగతనంగా వాడినా ఇదే తేడా. ఏ కార్డైనా సరే, మనం చేయని ఖర్చు కనపడితే ఆ రోజే బ్యాంకుకు చెప్పాలి. మన తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసాన్ని మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం మన మీద పడదని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆలస్యమయ్యేకొద్దీ బరువు మన వైపుకు జరుగుతుంది.

అందుకే లహరీ, కాలేజీలో ఉన్నన్నాళ్లూ నీకు డెబిట్ కార్డే చాలు. కానీ డబ్బంతా దానికున్న ఖాతాలోనే ఉంచకు. నెల ఖర్చు ఒక దాంట్లో, ఫీజు డబ్బు ఇంకో దాంట్లో ఉంచుకో. 5,000 లోపు అయితే కార్డు మెషీన్‌కు ఆనిస్తే చాలు, పిన్ అడగదు. కాబట్టి కార్డు వేరేవాళ్ల చేతికివ్వకు. హోటల్లో మెషీన్‌ను నీ దగ్గరికే తెమ్మను. ఉద్యోగం వచ్చాక క్రెడిట్ కార్డు తీసుకుందువుగాని, నెలనెలా మొత్తం కట్టేసేవాళ్లకు రేపు ఇంటి అప్పు కావాలంటే సిబిల్ స్కోరు రూపంలో, అంటే అప్పులు ఎలా తీర్చామో చూసి వేసే మార్కుల్లో, ఆ మంచిపేరు పనికొస్తుంది. డెబిట్ కార్డు ఎంత వాడినా ఆ లెక్కలోకి రాదు.

మొన్నటి బిల్లు డెబిట్‌లోనే కట్టాను. ఆ స్లిప్పు ఈ కవర్లో పెడుతున్నాను, దాని మీద ఏ కార్డో, ఏ బ్యాంకు మెషీనో, కార్డు చివరి నాలుగు అంకెలూ ఉంటాయి, తమ్ముడికి కూడా చూపించు. ఆ కాగితం మీది అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, అందుకని జిరాక్స్ కూడా తీసి జతచేశాను. దుప్పటి చాలకపోతే మార్చుకోవడానికి అది కావాలి, జాగ్రత్తగా ఉంచు.

మీ తాతయ్య