విశాఖ ఉక్కపోత: కొత్తగా వచ్చినవాళ్ల అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి బదిలీ మీద విశాఖపట్నం వచ్చిన కుటుంబాలు మా క్లినిక్‌లో ఎక్కువగా కనిపిస్తాయి. నీరసం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, మెడ నిండా చెమటకాయలు. జనరల్ ఫిజీషియన్‌గా వాళ్లకు రోజూ చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హైదరాబాద్‌లో 42 డిగ్రీలు చూశాం, ఇక్కడి 35 ఒక లెక్కా?

ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడం. ఒక లీటరు చెమట చర్మం మీదే పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆరకుండా కారిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి, చల్లదనం మాత్రం రాదు. పైగా మే నెలలో ఇక్కడ చాలా రాత్రులు 28 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి కాబట్టి ఒంటికి తేరుకునే వ్యవధి దొరకదు. వాతావరణ శాఖ వడగాలుల లెక్క మైదానాల్లో 40 డిగ్రీల నుంచి మొదలైతే, తీరంలో 37 నుంచే మొదలవుతుంది. పడమటి గాలులు బలంగా వీచి సముద్రపు గాలిని ఆపేసిన రోజు మరీ కష్టం. ఆ రోజు మధ్యాహ్నం పనులు వాయిదా వేసుకోండి.

అపోహ: అలవాటయ్యేదాకా రోజంతా ఏసీలోనే ఉండాలి.

అలా ఉంటే అలవాటే కాదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ ఇదే, ఎందుకంటే ఆరోగ్యవంతుల శరీరం ఒకటి రెండు వారాల్లోనే చాలావరకు సర్దుకోగలదు. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. రక్తంలో ద్రవభాగం పెరిగి గుండె మీద భారం తగ్గుతుంది. ఇదంతా జరగాలంటే రోజూ కొంతసేపు ఆ వాతావరణంలో కదలాలి. ఉదయమో సాయంత్రమో ఇరవై నిమిషాల నడకతో మొదలుపెట్టి మెల్లగా గంట దాకా పెంచండి. తల తిరిగితే అక్కడితో ఆపేయండి. గర్భిణులు, పెద్దవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

రాత్రికి మాత్రం ఏసీ వేసుకోండి, నిద్ర ముఖ్యం. 26 డిగ్రీల్లో పెట్టి ఫ్యాన్ కూడా తిప్పితే సరిపోతుంది. పాత ఊరి నుంచి తెచ్చుకున్న ఎయిర్ కూలర్ ఇక్కడ పనికిరాదు. మూసిన గదిలో వాడితే ఉన్న తేమకు ఇంకొంత తేమ కలుస్తుంది, అంతే.

అపోహ: నీళ్లు ఎంత తాగితే అంత మంచిది.

బాగా చెమట పట్టిన రోజు ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, అవసరమైతే ఓఆర్ఎస్ తీసుకోండి. పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. ఓఆర్ఎస్ పేరుతో అమ్మే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకుండా కట్టడి చేసింది. అయినా లేబుల్ చదివి కొనండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు కొబ్బరినీళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి, వాటిలో పొటాషియం ఎక్కువ. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు సొంతంగా ఆపకూడదు, డోసు మార్చాలా అని అడగండి.

చెమటకాయల మీద పౌడర్ దట్టంగా చల్లితే చెమట రంధ్రాలు మరింత మూసుకుపోతాయి. చన్నీళ్ల స్నానం, వదులుగా ఉండే నూలు బట్టలు చాలు. గజ్జల్లో తామర వస్తే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయొద్దు. రెండు రోజులు తగ్గినట్టే ఉండి, తర్వాత పాకుతుంది.

అపోహ: చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు.

ఉక్కలో శ్రమించే మనిషికి ఒళ్లంతా తడిగా ఉండగానే వడదెబ్బ తగలవచ్చు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడినా, తికమకగా ప్రవర్తించినా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయొద్దు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు, జేబులో ఉల్లిపాయ ఏమీ చేయదు. 108కి ఫోన్ చేసి, నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒళ్లంతా నీళ్లు పోస్తూ, గట్టిగా విసురుతూనే ఉండండి.