విద్యుదయస్కాంత క్షేత్రానికీ బరువుంటుంది

అయస్కాంతం ఇనుప మేకును లాగుతుంది, రాగి తీగను పట్టించుకోదు. భూమి ఆకర్షణకు అలాంటి ఎంపిక లేదు. మేకు, తీగ, చివరికి కాంతి కిరణం కూడా దానికి లోబడవలసిందే. ఈ రెండు ఆకర్షణలూ వేర్వేరని బడిలోనే నేర్చుకుంటాం కనుక, విద్యుదయస్కాంత క్షేత్రానికి గురుత్వంతో సంబంధమే లేదన్న అభిప్రాయం చాలామందిలో పాతుకుపోయింది. అది సరికాదు. 1915లో ఐన్‌స్టీన్ పూర్తిచేసిన సాధారణ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం గురుత్వమంటే స్థలం, కాలం కలిసిన స్థలకాలపు వంపే; దాన్ని వంచేది ద్రవ్యరాశి ఒక్కటే కాదు. శక్తి, ద్రవ్యవేగం, పీడనం కూడా వంచుతాయి, అవి రాతిలో ఉన్నా సరే, ఖాళీ చోటును నింపిన క్షేత్రంలో ఉన్నా సరే.

అయితే ఆ వంపు ఎంత? ఆసుపత్రిలోని 3 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) ఎంఆర్‌ఐ యంత్రాన్నే తీసుకుందాం. అంతటి క్షేత్రం ఒక ఘనపు మీటరు మేర నిండి ఉంటే అందులో సుమారు 36 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. అంటే మన కరెంటు బిల్లులో ఒక్క యూనిట్. దాన్ని కాంతివేగపు వర్గంతో భాగిస్తే వచ్చే ద్రవ్యరాశి గ్రాములో రెండున్నర కోట్లవ వంతు. అదే చోటులోని గాలి కిలోకు పైగా తూగుతుంది. ఇంత సూక్ష్మమైన గురుత్వాన్ని ఆ యంత్రం పక్కన నిలబడి కొలవడం అసాధ్యం.

కానీ ప్రకృతి ఇంతకన్నా ఎంతో బలమైన క్షేత్రాలను ప్రతి లోహపు ముక్కలోనూ దాచి ఉంచింది. ప్లాటినం కేంద్రకంలో 78 ప్రోటాన్లు ఇరుకుచోటులో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి; ఆ వికర్షణకు చెందిన విద్యుత్ క్షేత్రశక్తి కేంద్రకం ద్రవ్యరాశిలో దాదాపు వెయ్యింట నాలుగు వంతులు. 22 ప్రోటాన్లే ఉన్న టైటానియంలో అది వెయ్యింట సుమారు రెండు వంతులు. క్షేత్రశక్తికి జడత్వం ఉండి బరువు లేకపోతే ఈ రెండు లోహాలూ ఒకే వేగంతో కింద పడకూడదు. 2016లో ప్రయోగించిన మైక్రోస్కోప్ అనే ఫ్రెంచి ఉపగ్రహం సరిగ్గా ఈ రెండు లోహాల మిశ్రమాలతో చేసిన స్థూపాలను కక్ష్యలో పోల్చి చూసింది. 2022లో వెలువడిన తుది ఫలితాల్లో, కోటి కోట్లలో ఒక వంతు తేడా కూడా కనబడలేదు. భూమి క్షేత్రశక్తిని లాగుతున్నదంటే క్షేత్రశక్తి కూడా భూమిని అంతే బలంతో లాగాలి, లేకుంటే ద్రవ్యవేగ నిత్యత్వ నియమమే చెల్లదు. నా దృష్టిలో ఈ విషయానికి ఇంతకన్నా అందమైన రుజువు లేదు.

క్షేత్రపు గురుత్వం రాతి గురుత్వానికి అచ్చమైన నకలు కూడా కాదు. కాంతినే చూడండి, అదీ విద్యుదయస్కాంత క్షేత్రపు తరంగమే. ఒకే దిశలో సమాంతరంగా సాగే రెండు కాంతిపుంజాలు పరస్పరం ఆకర్షించుకోవనీ, ఎదురెదురుగా సాగేవి ఆకర్షించుకుంటాయనీ భౌతిక శాస్త్రవేత్తలు టోల్మన్, ఎరెన్‌ఫెస్ట్, పొడోల్‌స్కీ 1931లో లెక్కగట్టి చూపారు. ద్రవ్యవేగం, పీడనం లెక్కలోకి రావడమే అందుకు కారణం. అన్ని దిక్కులకూ సమంగా ప్రసరించే కాంతి విషయంలో ఆ పీడనం గురుత్వాన్ని రెట్టింపు చేస్తుంది.

విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో ఆ లెక్కే రాజ్యమేలింది. అప్పటి శక్తి దాదాపు అంతా కాంతి, న్యూట్రినోలనే అతి తేలికైన కణాల రూపంలోనే ఉండేది. విశ్వం ఎంత వేగంగా విస్తరించాలో నిర్ణయించింది వాటి గురుత్వమే. ఆ విస్తరణ ఇంకా నెమ్మదిగా సాగి ఉంటే హీలియం తయారీకి కావలసిన న్యూట్రాన్లు మరింత తగ్గిపోయి, హీలియం అంతగా తయారయ్యేది కాదు. తొలి విశ్వపు పదార్థంలో బరువు లెక్కన నాలుగో వంతు హీలియం ఉండాలని సిద్ధాంతం చెబుతుంది. పెద్దగా మార్పు చెందని గెలాక్సీల వాయువులను పరిశీలించిన ఖగోళ శాస్త్రవేత్తలకు దొరికినదీ సుమారు అంతే.