ఉపగ్రహ చిత్రంలో ఒరిగే కొండలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాలకు మ్యాపు గీయాలంటే ఉపగ్రహ చిత్రం గురించి అందరూ ముందు అడిగేది పిక్సెల్ ఎన్ని మీటర్లని. అడగవలసిందే. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పిక్సెల్ 30 మీటర్లు; అంటే సుమారు 22 సెంట్ల భూమి ఒకే రంగు చుక్క. సెంటినెల్-2 ఉపగ్రహంలో 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. 1:50,000 స్కేలులో పది మీటర్లంటే 0.2 మిల్లీమీటరే కాబట్టి వంశధార ఒడ్డులు, చెరువులు, అడవి అంచులు గీయడానికి ఇది చక్కగా సరిపోతుంది. పచ్చని పొలాల మధ్య సన్నని తారురోడ్డు కూడా గీతలా తేలుతుంది. అంతే వెడల్పున్న మట్టిబాట ఎండిన పొలాల్లో కలిసిపోతుంది.

ఇక్కడ అసలు చిక్కు కొండలతోనే. ఉపగ్రహం ఏటవాలుగా చూస్తే ఎత్తైనవన్నీ చిత్రంలో దానికి దూరంగా ఒరుగుతాయి. మైదానానికి 500 మీటర్ల ఎత్తున ఒక సవర గూడెం ఉందనుకుందాం. నిలువు నుంచి 20 డిగ్రీల వాలులో తీసిన చిత్రాన్ని సవరించకుండా వాడితే, ఆ గూడెం దాదాపు 180 మీటర్లు పక్కకు జరుగుతుంది. మ్యాపు మీద అది మూడున్నర మిల్లీమీటర్లు. గెడ్డకు, అంటే వాగుకు, ఇవతలి గూడెం అవతల పడడానికి అంత చాలు. ఇళ్ల కప్పులు లెక్కపెట్టగలిగే చిత్రంలోనూ ఈ తప్పు ఉంటుంది. పైగా అంత స్పష్టంగా కనిపిస్తుంటే ఎవరికీ అనుమానం రాదు. అందుకే నాకు మసక చిత్రం కంటే సవరించని స్పష్టమైన చిత్రమంటేనే ఎక్కువ భయం.

2005 మే 5న ఇస్రో పంపిన కార్టోశాట్-1కు ఇందుకే రెండు కెమెరాలు పెట్టారు. ఒకటి 26 డిగ్రీలు ముందుకు, రెండోది 5 డిగ్రీలు వెనక్కి చూసేలా అమర్చారు. ఒకే కొండ రెండు కోణాల్లో దొరికితే ఎత్తు లెక్కకట్టవచ్చు, ఆ ఎత్తులతో ప్రతి పిక్సెల్‌నూ దాని చోటికి చేర్చవచ్చు. ఆ తర్వాత రోడ్డు కూడళ్లు, వంతెన చివరల దగ్గర జీపీఎస్‌తో కొలిచి పోల్చుకోవాలి. కొలిచే చోట్లన్నీ లోయలోని రోడ్డు వెంటే ఉంటే ఆ పరీక్షకు విలువ లేదు. కొన్నయినా కొండ మీద ఉండాలి.

తేదీ కూడా చూడాలి. వేసవిలో కాల్చినందుకు నల్లగా కనిపించే పోడు భూమి వానలు పడ్డాక పచ్చబడి అడవిలో కలిసిపోతుంది. జీడిమామిడి తోట ఏడాది పొడవునా పచ్చగా ఉండి అడవిగా చెలామణి అవుతుంది. చుట్టూ చెట్లు ఆకు రాల్చిన నెలల్లో తీసిన చిత్రంలో బయటపడుతుంది. వానాకాలపు మబ్బుల్లోంచి రాడార్ చూడగలదు గానీ, కొండవాలులను అదీ మరో తీరున వంకర చేస్తుంది.

కొటియా గ్రామాల కోసం ఆంధ్ర, ఒడిశాలు దశాబ్దాలుగా వాదించుకుంటున్న సరిహద్దు ఏ చిత్రంలోనూ కనిపించదు. ఊరి పేరూ అంతే. గెడ్డ దాటే బాటలో జూలైలో బండి నడుస్తుందా అన్నది ఊరివాళ్లనే అడగాలి. నడవదంటే ఆ బాటను మ్యాపులో వేసవి దారిగా వేరే గుర్తుతో గీయాలి.