బల్బు వెలిగితే పిడి బరువెక్కుతుంది

పెద్ద సైన్స్ మ్యూజియంలో పిల్లలు ఎక్కడున్నారో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. గాజు పెట్టెల దగ్గర చడీచప్పుడూ ఉండదు. తిప్పే పిడి, లాగే తాడు ఉన్నచోట ఒకటే గోల. ఆ గోలలోకి దూరి, పిల్లలతో పాటు వరసలో నిలబడి మరీ నేను తిప్పే వస్తువు ఒకటుంది. చేతి జనరేటర్.

చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక పిడి, లోపల అయస్కాంతం, తీగచుట్ట, ఎదురుగా రెండు బల్బులు. ఒకటి పాతకాలపు ఫిలమెంట్ బల్బు, రెండోది ఎల్ఈడీ. స్విచ్చులు ఆపి తిప్పితే పిడి గిరగిరా తిరుగుతుంది. తిప్పుతూనే ఎల్ఈడీ స్విచ్ వేయండి, కాస్త బిగుస్తుంది. ఫిలమెంట్ బల్బుకు మార్చండి, అవతల ఎవరో పట్టుకుని ఆపుతున్నట్టు మొరాయిస్తుంది. రెండు నిమిషాలకు భుజం లాగేస్తుంది. ఏదో ఇరుక్కుందేమోనని చాలామంది వంగి కిందికి చూస్తారు కూడా.

ఇరుక్కున్నదేమీ లేదు. కరెంటు పారగానే తీగచుట్ట తానే ఒక అయస్కాంతమై, ఏ కదలిక వల్ల ఆ కరెంటు పుట్టిందో దానికే అడ్డం పడుతుంది. అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందని ఫారడే చూపించింది 1831లో. ఆ కరెంటు ఎప్పుడూ ఎదురే తిరుగుతుందని లెంజ్ చెప్పింది 1834లో. పరీక్ష కోసం ఈ నియమాన్ని బట్టీ పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మార్కులు వచ్చాయి, అర్థం మాత్రం మణికట్టుకు నొప్పి పుట్టాకే వచ్చింది. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఇచ్చేంత వెలుగును ఎల్ఈడీ తొమ్మిది వాట్లతోనే ఇస్తుంది. పాత బల్బులో మిగతాదంతా వేడి కింద పోతుంది. అంటే మన భుజం కష్టంలో ఎక్కువ భాగం గాజు బుడ్డిని కాల్చడానికే సరిపోయిందన్నమాట.

మీట నొక్కే ప్రదర్శనల మీద నాకు అంత గురి లేదు. జర్మనీలో ఆస్కర్ ఫాన్ మిల్లర్ అనే విద్యుత్ ఇంజనీరు 1903లో మ్యూనిక్ మ్యూజియానికి పునాది వేసి, సందర్శకులే నడిపి చూసే నమూనాలు పెట్టినప్పుడు అది పెద్ద తెగువే. ఇప్పుడు మీట కనిపిస్తే పిల్లలు ఒక చరుపు చరిచి, జరిగేది చూడకుండానే పక్కదాని దగ్గరికి పరిగెత్తుతారు. తప్పు వాళ్లది కాదు. మెల్లగా నొక్కినా, గట్టిగా నొక్కినా మీట ఇచ్చే జవాబు ఒకటే. పిడి అలా కాదు, నెమ్మదిస్తే వెలుగు తగ్గుతుంది, జోరు పెంచితే పెరుగుతుంది. వెంటనే ఇంకో రకంగా తిప్పి చూడాలనిపిస్తుంది.

ఈ తేడాను బాగా పట్టుకున్నవాడు ఫ్రాంక్ ఓపెన్‌హైమర్. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు. తనూ ఆ బాంబు పథకంలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్తే. రాజకీయాల వల్ల 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోతే కొలరాడోలో పశువులు పెంచుకున్నాడు, తర్వాత హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం తెరిచాడు. అక్కడ ప్రదర్శనలు తయారుచేసే వర్క్‌షాపు కూడా జనం కళ్లెదుటే ఉంటుంది. తమ ప్రదర్శనల తయారీని వంటల పుస్తకంలా అచ్చువేసి, కావలసినవాళ్లు చేసుకోండని లోకానికి ఇచ్చేశారు కూడా.

ఇక గాలిలో తేలే బంతి. ఏటవాలుగా చిమ్మే గాలిలో బంతి పడిపోకుండా వేలాడుతుంటుంది. పక్కన బోర్డు మీద చాలాసార్లు ఉండే మాట ఒకటే: గాలి వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది, అందుకే బంతి నిలబడుతుంది. అది పూర్తి సంగతి కాదు. బయటి గాలిలోకి చిమ్మిన ధారలో, వేగంగా ఉన్నంత మాత్రాన పీడనం చుట్టుపక్కల కంటే తగ్గిపోదు. బోర్డు వదిలేసి, బంతికి అవతల కాస్త కింద అరచెయ్యి పెట్టండి. నేరుగా పోవాల్సిన గాలి బంతిని అంటుకుని వంగి, కిందికి దిగి చేతికి తగులుతుంది. బంతి గాలిని కిందికి మళ్లిస్తోంది, గాలి బంతిని పైకి నెడుతోంది. ఇప్పుడు బంతి తీసేసి చెయ్యి అక్కడే ఉంచండి. గాలి తగలదు.