ఓకామెల్‌లో డైనమిక్ లింకింగ్: అపోహలు, వాస్తవాలు

ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ప్లగిన్లు (ప్రోగ్రామ్ నడుస్తుండగా అదనంగా లోడ్ చేసుకునే కోడ్ ముక్కలు) అనగానే కొన్ని మాటలు పదే పదే వినిపిస్తాయి. ఇలా లోడ్ చేసుకోవడమే డైనమిక్ లింకింగ్, ఆ మాటలు నమ్మి ఇంత మంచి ఫీచర్‌ని ముట్టుకోకుండానే వదిలేస్తున్నారని బాధేస్తుంది.

అపోహ: ఇది బైట్‌కోడ్‌లోనే (ఓకామెల్ వర్చువల్ మెషీన్ నడిపే కోడ్) ఉంది, నేటివ్‌లో (ప్రాసెసర్ నేరుగా నడిపే కోడ్) లేదు.
ఒకప్పుడు నిజమే. 2008లో 3.11 వెర్షన్ వచ్చాక ఆ మాట చెల్లదు. కంపైలర్‌కి షేర్డ్ (-shared) ఆప్షన్ ఇస్తే ప్లగిన్ సీఎంఎక్స్ఎస్ (.cmxs) ఫైల్‌గా వస్తుంది, దాన్ని ఓకామెల్‌తో వచ్చే డైన్‌లింక్ (Dynlink) లైబ్రరీతో లోడ్ చేసుకోవడమే.

అపోహ: విండోస్‌లో పనిచెయ్యదు.
పనిచేస్తుంది, కాకపోతే దాని వెనక చాలా కష్టం ఉంది. లినక్స్‌లో ప్లగిన్ తన దగ్గర లేని సింబల్స్‌ని (ఫంక్షన్లు, వేరియబుల్స్ పేర్లు) అలాగే వదిలేసి బిల్డ్ అయిపోవచ్చు, లోడ్ అయ్యేటప్పుడు మెయిన్ ప్రోగ్రామ్‌లోంచి దొరుకుతాయి. విండోస్‌లో అలాంటి లోడ్ చేసుకునే ఫైల్ అయిన డీఎల్ఎల్‌కి అలా కుదరదు, ఏ సింబల్ ఏ ఫైల్లోంచి వస్తుందో లింక్ చేసేటప్పుడే తేలిపోవాలి. అలైన్ ఫ్రిష్ రాసిన ఫ్లెక్స్‌డీఎల్ఎల్ అనే టూల్ ఈ లోటు తీర్చింది, తేలని సింబల్స్ జాబితాని డీఎల్ఎల్‌లోనే పెట్టేసి లోడ్ అయ్యాక అడ్రసులు తనే సరిచేస్తుంది, చాలా గొప్ప పని అది. 64 బిట్‌లో ఎప్పుడైనా "టార్గెట్ ఈజ్ టూ ఫార్" అని ఎర్రర్ వస్తే కంగారు పడకండి, డీఎల్ఎల్ మెమరీలో మరీ దూరంగా లోడ్ అయ్యి ఆ దూరాన్ని చెప్పడానికి 32 బిట్ ఆఫ్‌సెట్ సరిపోలేదని అర్థం.

అపోహ: ఇంటర్‌ఫేస్ (మాడ్యూల్ బయటికి చూపించే పేర్లు, టైపులు) మారకపోతే పాత ప్లగిన్ బైనరీ నడుస్తుంది.
అందరూ దెబ్బతినేది ఇక్కడే. డైన్‌లింక్ ప్రతి ఇంటర్‌ఫేస్ డైజెస్ట్‌ని (దాని కంటెంట్ నుంచి లెక్కగట్టిన గుర్తు) పోల్చి చూస్తుంది, తేడా వస్తే లోడ్ చెయ్యదు, అందుకే టైప్ సేఫ్టీ దెబ్బతినదు. నేటివ్‌లో ఇంకో మెలిక ఉంది, కంపైలర్ వేరే మాడ్యూల్ కోడ్‌ని మన మాడ్యూల్లోకి ఇన్‌లైన్ చేస్తుంది, అంటే నేరుగా కాపీ చేసేస్తుంది కాబట్టి హోస్ట్‌లో (ప్లగిన్‌ని లోడ్ చేసే మెయిన్ ప్రోగ్రామ్) ఫంక్షన్ లోపలి కోడ్ మారినా ప్లగిన్ చెల్లకపోవచ్చు, హోస్ట్ మాడ్యూల్స్‌ని ఒపేక్ (-opaque) ఆప్షన్‌తో కంపైల్ చేస్తే ఈ బంధం ఉండదు కానీ కొంత స్పీడు పోతుంది. కంపైలర్ వెర్షన్ మారితే మాత్రం ఎలాగూ మళ్ళీ బిల్డ్ చెయ్యాల్సిందే. అందుకే నా మాట వినండి, ప్లగిన్‌ని సోర్స్‌గానే ఇవ్వండి, యూజర్ మెషీన్లో ఓకామెల్ ప్యాకేజీ మేనేజర్ ఓపమ్ బిల్డ్ చేసుకుంటుంది.

అపోహ: అవసరం తీరాక అన్‌లోడ్ చెయ్యొచ్చు.
కుదరదు. లోడ్ అయిన మాడ్యూల్ ప్రోగ్రామ్ ఆగేదాకా ఉంటుంది.

అపోహ: "నో ఇంప్లిమెంటేషన్ అవైలబుల్" అని వస్తే ప్లగిన్ పాడైనట్టే.
ఎక్కువసార్లు తప్పు హోస్ట్‌ది. హోస్ట్ వాడని మాడ్యూల్స్‌ని లైబ్రరీలోంచి లింకర్ తీసుకోదు, ప్లగిన్‌కేమో అవే కావాలి. హోస్ట్‌ని లింక్‌ఆల్ (-linkall) ఆప్షన్‌తో లింక్ చెయ్యండి, బైనరీ సైజు పెరుగుతుంది, పర్లేదు.