అద్దానికి అంటుకున్న అలవాటు: చిన్న విమానాల్లో జీపీఎస్ సక్షన్ మౌంటు

జీపీఎస్‌ను విమానం అద్దానికి అంటించే రబ్బరు సక్షన్ కప్పు నేల మీద రెండు చేతులతో గుంజినా ఊడదు. అదే కప్పు 10 వేల అడుగులకు ఎక్కాక చిన్న కుదుపుకే ఊడి పైలట్ ఒళ్లో పడుతుంది. కప్పు నాసిరకమనుకుని ఇంకోటి కొంటారు, అదీ ఊడుతుంది. అసలు ఆ కప్పును మొదట ఏ బరువు కోసం పెట్టారో, ఇప్పుడు దాని మీద ఏ బరువు వేలాడుతోందో చూస్తే సంగతి తెలుస్తుంది.

మామూలు జనం కొనుక్కోగలిగిన మొదటి చేతి జీపీఎస్, మెగెల్లాన్ నావ్ 1000, 1989లో వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దంలో విమానాల కోసమే తయారైన చేతి జీపీఎస్‌లను పైలట్లు ఎక్కువగా యోక్ (విమానాన్ని నడిపే చేతిపిడి) మీద బిగించుకునేవారు, లేదా తొడకు కట్టుకునేవారు. అయితే అక్కడి నుంచి ఆకాశం సరిగా కనపడదు, సిగ్నల్ అందదు. అందుకే చాలా మోడళ్లలో యాంటెనాను విడదీసి, చిన్న సక్షన్ కప్పుతో విండ్‌షీల్డ్‌కు అంటించుకునే ఏర్పాటు ఉండేది. అంటే విమానంలో ఈ కప్పు మొదట మోసింది కొన్ని పదుల గ్రాముల యాంటెనాను మాత్రమే.

2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌర సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న లోపాన్ని ఆపేసింది. 100 మీటర్ల వరకు ఉండే తేడా 20 మీటర్ల లోపుకు దిగింది, కదిలే మ్యాప్ నిజంగా అక్కరకొచ్చింది. కొన్నేళ్లకే కార్ల జీపీఎస్‌లు ఊరూరా పాకాయి. టామ్‌టామ్ గో 2004లో వచ్చింది. కారు అద్దం మీద పరికరం మొత్తాన్ని కప్పుతో నిలబెట్టడం అందరికీ అలవాటైంది. అదే సరంజామా విమానంలోకీ వచ్చింది. అయితే కారు అద్దం గాజు, విమానానిది చాలావరకు అక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్. కారు నేల మీదే ఉంటుంది.

విమానంలో కప్పు పాతుకుపోవడానికి ఇంకో కారణం కాగితాల పని. ప్యానెల్‌కు రంధ్రం వేసి మర బిగిస్తే అది విమానానికి చేసిన మార్పు అవుతుంది, అనుమతులు కావాలి. కప్పు పీకేస్తే పోయేదే కాబట్టి, అంటించిన పరికరం చేతిలో పట్టుకున్న దానితో సమానమే. ఇంజనీరింగ్ కోణంలో గెలిచిన మౌంటు కాదిది, సంతకం అక్కర్లేదు కాబట్టి గెలిచింది.

ఆ తర్వాత 2010లో ఐప్యాడ్ వచ్చింది. మొదటి వైఫై మోడల్ బరువు 680 గ్రాములు. పావుకిలో పరికరం ఉన్నచోట తొడుగూ, మౌంటు చేయీ (కప్పును పరికరానికి కలిపే కాడ) కలిపి కిలో వేలాడింది. తమాషా ఏమిటంటే ఆ వైఫై మోడల్‌లో జీపీఎస్సే లేదు. విడి బ్లూటూత్ జీపీఎస్ రిసీవర్‌ను గ్లేర్‌షీల్డ్ (ప్యానెల్ పైన, అద్దం కింద ఉండే అంచు) మీద పడేసి, తెరను ఎక్కడైనా పెట్టుకోవచ్చు. యాంటెనా కోసం అద్దాన్ని ఎంచుకోవాల్సిన అవసరం అక్కడితో తీరింది, అలవాటు మాత్రం మిగిలింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. కప్పు దేన్నీ లాగదు. బయటి గాలే దాన్ని అద్దానికేసి నొక్కుతుంది. 8 సెంటీమీటర్ల కప్పు వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. సముద్ర మట్టంలో బయటి ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్స్. లీవర్ బిగించాక లోపల 500 మిగిలిందనుకుంటే పట్టు 26 కిలోలు, చేత్తో లాగితే రాదు. 10 వేల అడుగుల్లో బయటి ఒత్తిడి 697కు పడిపోతుంది, లోపలిది దాదాపు 500 దగ్గరే ఉంటుంది. తేడా 197, పట్టు 10 కిలోలే. బయటి గాలి మూడో వంతు కూడా తగ్గలేదు, పట్టు మాత్రం సగానికి పైగా పోయింది. లోపల 400 మిగిలేలా బిగిస్తే అదే ఎత్తులో 15 కిలోలు ఉంటుంది. కప్పు కొంచెం సాగి లోపలి ఒత్తిడి కాస్త దిగుతుంది కాబట్టి అసలు అంకెలు ఇంతకంటే కొద్దిగా మెరుగు.

దీని మీద కిలో బరువును అద్దానికి 15 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీస్తే, అది కప్పును కింది అంచు ఆధారంగా ఒలిచే ప్రయత్నం చేస్తుంది. కప్పు మధ్య నుంచి అంచుకు 4 సెంటీమీటర్లే. కాబట్టి మామూలుగా 4 కిలోల దాకా, బరువు మూడింతలయ్యే కుదుపులో (3 జీ) 11 కిలోల పైన పట్టు కావాలి. ఉన్నది 10. అదే పావుకిలో పరికరాన్ని 8 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఆ కుదుపులోనూ కిలోన్నర చాలు. కొనేటప్పుడు కప్పు సైజు కన్నా ముందు మౌంటు చేయి పొడవు చూడమనేది ఇందుకే. పొట్టి చేయి, తేలిక పరికరం అయితే సగం చింత తీరినట్టే.

కప్పుల్లో వేలితో నొక్కి వదిలేసే రకాన్ని విమానంలో వాడకండి. లీవర్ రకం, తిప్పి బిగించే రకం ఫర్వాలేదు. పంపుతో గాలి తోడే రకంలో పట్టు తగ్గితే పంపు కాడ మీద రంగు గీత బయటపడుతుంది, కప్పు ఊడదీయకుండానే మళ్లీ తోడొచ్చు. పట్టు తగ్గుతున్నట్టు ముందే చెప్పేది ఇదొక్కటే, ట్యాబ్లెట్ పెట్టక తప్పదంటే ఇదే తీసుకోండి.

అంటించే ముందు కప్పును గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అక్రిలిక్‌ను శుభ్రమైన నీళ్లు, మైక్రోఫైబర్ బట్టతోనే తుడవాలి. అమోనియా ఉన్న గాజు క్లీనర్, ఆల్కహాల్ తగిలితే దాని మీద సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు వస్తాయి, అవి మళ్లీ పోవు. కప్పు కింద ఇరుక్కున్న ఇసుక రేణువు గీత పెడుతుంది, గాలికీ దారి ఇస్తుంది. వంపు తక్కువున్న చోటు చూసుకుని, అవతలి వైపు అరచేయి ఆనించి నొక్కాలి. లీవర్ వేశాక అరగంట వదిలేసి, అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి. ఎక్కడైనా లేచి ఉంటే తీసి మళ్లీ అంటించాల్సిందే. అంచు వంకర తిరిగిన కప్పును రెండు నిమిషాలు వేడినీళ్లలో ముంచి చదునుగా ఆరబెడితే మళ్లీ సాపవుతుంది. రబ్బరు గట్టిపడితే పారేయాలి.

అద్దం మీద చోటు దొరికినా తెరకు ఎండ దెబ్బ తప్పదు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెల్సియస్ దాకా వాతావరణంలో వాడుకోవాలని ఆపిల్ చెబుతుంది. నేరుగా ఎండ పడితే నల్లబడి ఆగిపోతుంది. దిక్సూచికి దగ్గరగా పెట్టేటట్టయితే పరికరం తెచ్చి, తీసి, ముల్లు కదులుతోందేమో చూడండి. యోక్‌ను నాలుగు వైపులా చివరిదాకా కదిలించి, తెరకు గానీ ఛార్జింగ్ తీగకు గానీ తగలట్లేదని తేల్చుకోండి. తలుపు మీదా, బయటపడే కిటికీ మీదా అసలు పెట్టొద్దు. పరికరాన్ని ఒక పొట్టి తాడుతో, మౌంటు చేతికి కాకుండా విమానంలో కదలని భాగానికి కట్టండి. ఊడినా పరికరం పెడళ్ల దాకా చేరనంత పొట్టిగా ఉండాలి తాడు.